మల్లేశం విడిచిపెట్టిన పసుపు పొట్టేలు

మధ్యాహ్నం పన్నెండు కాగానే సైరన్ మోగుతుంది. సౌదీలో అల్ ఖర్జ్ దగ్గరి ఆ పాల ఫారంలో ఎండాకాలం మూడు నెలలూ అదే పద్ధతి. పన్నెండు నుంచి మూడింటి దాకా ఎండలో ఎవరి చేతా పని చేయించకూడదని సర్కారు రూలు. సైరన్ వినబడితే చాలు, గడ్డి కోసేవాళ్లూ, గొట్టాలు బిగించేవాళ్లూ, గోడలు కట్టేవాళ్లూ ఎక్కడి సామాను అక్కడ వదిలేసి రూముల్లోకి పోయి ఏసీ కింద వాలిపోతారు. ఆవులకు ఆ రూలు కూడా అక్కర్లేదు. వాటి షెడ్లలో పొద్దస్తమానం పెద్ద పెద్ద ఫ్యాన్లు తిరుగుతూ ఉంటాయి, పైనుంచి సన్నటి నీటి తుంపర పడుతూ ఉంటుంది.

ఆ వేళప్పుడు ఫారం మొత్తంలో నెత్తిన ఎండ మోస్తూ తిరిగే ప్రాణి ఒక్కటే ఉండేది. దాని పేరు మల్లేశం.

మల్లేశానిది జగిత్యాల జిల్లా, కోరుట్ల అవతల ఊరు. కురుమవాళ్లు. తాత గొర్లు కాచాడు, తండ్రి గొర్లు కాచాడు, మల్లేశం సౌదీకొచ్చి దూడల షెడ్డులో చేరాడు. సైరన్ మోగగానే అతను రూముకు పోడు. సూపర్‌వైజర్ ప్రభాకర్ ఆఫీసు ముందు నిలబడతాడు. లోపలి నుంచి ఒక ఫోను వస్తుంది. ఆ ఫోనుకు చుట్టి ఒక ఐస్ ప్యాక్ వస్తుంది, దూడల టీకాల పెట్టెలో ఉంటుందే, అది. ఎండకు ఫోను వేడెక్కితే ఆగిపోతుంది కాబట్టి ఫోనుకు మంచు. మల్లేశం వేడెక్కితే ఆగిపోతాడేమోనని ఎవరికీ అనుమానం రాలేదు. అతనికి తువ్వాలే గతి.

అలా ఫోను పట్టుకుని షెడ్ల చుట్టూ, పచ్చిమేత పాతరేసే గుంతల చుట్టూ, మెయిన్ గేటు దాకా నడవాలి. మూడింటికి సైరన్ మళ్లీ మోగితే ఫోను అప్పగించి నేరుగా డ్యూటీకి పోవాలి. జూన్ నుంచీ ఇదే తంతు. మధ్యాహ్నం కునుకంటే ఏమిటో మల్లేశం మరిచిపోయాడు.

ఇంతకీ ఆ ఫోనులో ఏముందంటే, ఒక ఆట. పేరు మాన్‌స్ట్రా. ఫోను పట్టుకుని నడుస్తుంటే దారి మీద వింత జంతువులు తెరపైన ప్రత్యక్షమవుతాయి. వేలితో వల విసిరి పట్టుకోవాలి. పట్టినవన్నీ ఒక సంచిలో చేరతాయి. చాలావాటికి పెద్ద విలువ లేదు, ముసిరే ఈగల్లాగా ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి. కొన్ని అరుదు. వాటన్నిటికంటే పైన లెజెండరీలని ఉంటాయి. ఒక్కోదానికీ ఒక పుట్టుక కథ, ఒక బలం, ఒక పొగరు. ఆ ఎండాకాలం ఆట కంపెనీవాళ్లు వదిలిన లెజెండరీ పేరు ఆస్ట్రామ్. నీలి బొచ్చు, నుదుట చుక్క, మెలి తిరిగిన కొమ్ముల పొట్టేలు. అది ఎండ మండే చోట, మిట్టమధ్యాహ్నం మాత్రమే బయటికొస్తుంది. కారులో తిరిగితే ఆట ఒప్పుకోదు, మనిషి కాళ్లతోనే నడవాలి. ప్రభాకర్‌కు కాళ్లున్నాయి కానీ, వాటికి ఆ టైములో ఏసీ గదిలో టేబుల్ కింద పని ఉంటుంది.

ప్రభాకర్ గుడివాడ మనిషి. చెడ్డవాడని ఫారంలో ఎవరూ అనరు. దసరాకు స్వీట్లు పంచుతాడు, ఎవరికైనా జ్వరమొస్తే గోళీలు తెప్పిస్తాడు. ఒకడి విశ్రాంతిని తాను కాజేస్తున్నానన్న ఆలోచనే అతని బుర్రకు తట్టలేదు, అంతే. చెడ్డవాళ్లతో కంటే ఇలాంటి మంచివాళ్లతోనే కార్మికులకు ఎక్కువ కష్టం. పాల ట్యాంకరు నడిపే నౌమాన్ ఒకసారి ఉండబట్టలేక, మనిషిని ఎండలో అట్ల తిప్పడం రూలు కాదు కదా సార్ అని అడిగేశాడు. దానికి ప్రభాకర్ నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"ఇది డ్యూటీ కాదు కదయ్యా. జస్ట్ వాకింగ్. హెల్త్‌కి మంచిది" అన్నాడు.

మల్లేశం మాత్రం కిక్కురుమనలేదు. కారణం అతని కొడుకు నెత్తి మీద ఉంది.

మల్లేశం విమానమెక్కినప్పుడు భార్య స్వర్ణ కడుపుతో ఉంది. పుట్టినవాడికి సాయికుమార్ అని పేరు పెట్టారు. వాడి పుట్టు వెంట్రుకలు వేములవాడ రాజన్నకు మొక్కారు. తండ్రి తొడ మీద కూర్చోబెట్టుకుని తీయించాలని ఇంట్లోవాళ్ల పట్టు. మొదటి ఏడు ఎలాగూ కుదరదు. రెండో ఏడు సరిసంఖ్య, పనికిరాదు. మూడో ఏట తీయించాలి. రెండేళ్ల కాంట్రాక్టు ముగియగానే మల్లేశానికి ఊరికి పోవడానికి ఛుట్టీ రావాలి కాబట్టి లెక్క సరిపోయిందని అందరూ నిమ్మళంగా ఉన్నారు. కానీ ఆ ఛుట్టీ ఒకసారి మనుషులు తక్కువున్నారని ఆగింది, ఇంకోసారి దూడలు ఎక్కువున్నాయని ఆగింది. పిల్లవాడి జుట్టు మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. కళ్లలో పడుతుంటే స్వర్ణ రెండు పిలకలు వేసి ఎర్ర రిబ్బన్లు కట్టింది. అంగన్‌వాడీలో వాణ్ని ఆడపిల్లల వరుసలో కూర్చోబెట్టారు. వాడికీ అక్కడే నచ్చింది. వాడకట్టులో పిల్లలు అక్కా అని పిలిస్తే ఓ అని పలికేవాడు.

"వినాయక చవితి పోతె పోరనికి మూడేండ్లు నిండుతయి" అని స్వర్ణ ఫోనులో చెప్పింది. "నిండినయంటె నాలుగో ఏడు పడుతది. ఇగ ఐదో ఏడు దాంక ఆగాలె. అప్పటికి జడకు పూలు పెట్టాల్సొస్తది. నువ్వు అస్తవా, నన్ను గంపెడు పూలు కొనుమంటవా?"

ఛుట్టీ కాగితం ప్రభాకర్ దగ్గర ఉంది. అందుకే మల్లేశం నోరు కుట్టుకుని నడిచాడు.

అయితే నడవగా నడవగా ఒక విచిత్రం జరిగింది. మల్లేశానికి ఆ మంద మీద మమకారం పుట్టింది. ఎంత ఫోనులోవైనా పొట్టేళ్లు పొట్టేళ్లే కదా. మొదట్లో వల విసరడం రాక ఆకాశానికి విసిరేవాడు. తర్వాత చెయ్యి తిరిగింది. కొమ్ము విరిగినట్టున్నదానికి ఒక పేరు, కుంటుతూ నడిచేదానికి ఒక పేరు పెట్టుకున్నాడు. నడుస్తూ వాటిని అదిలించేవాడు, నాలుక అంగిటికి కొట్టి పిలిచేవాడు. గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషి అది చూసి, ఎండ దెబ్బ మెదడుకు ఎక్కిందని నౌమాన్‌తో చెప్పాడట.

నీలి పొట్టేళ్లు నాలుగు చిక్కాక కూడా ప్రభాకర్ సంతృప్తి పడలేదు. రియాద్‌లో ఈ ఆట ఆడే మనవాళ్ల గ్రూపు ఒకటుంది. అందులో అందరికీ నీలివి ఉన్నాయి. వేలల్లో ఒక్కటి పసుపు రంగులో వస్తుందని, అది ఎవరికీ దొరకలేదని అక్కడ ఒకటే చర్చ. ప్రభాకర్ నిద్రలో కూడా అదే. అయినా రంగు సంగతి మల్లేశంతో చెప్పలేదు. పనివాడికి అంత వివరం దేనికనుకున్నాడు. వచ్చిందల్లా పట్టు, సంచి నిండితే చెత్త తీసెయ్యి, నాకు కావలసిన లెజెండరీ దొరికిన రోజే నీ లీవు పేపరు పైకి పంపుతా అని మాత్రం చెప్పాడు.

ఆగస్టు మొదటివారంలో ఒక మధ్యాహ్నం, గాలి కూడా ఊపిరి బిగబట్టినంత ఎండలో, పాతర గుంత పక్కన ఒకేసారి పొట్టేళ్ల గుంపు వచ్చింది. మల్లేశం వరసపెట్టి వల విసిరాడు. అన్నీ సంచిలో పడ్డాక షెడ్డు నీడకొచ్చి, మందను లెక్క చూసుకునే అలవాటు కొద్దీ ఒక్కొక్కదాన్నీ పరిశీలించాడు. అన్నీ నిగనిగలాడే నీలం. ఒక్కటి మాత్రం తేడాగా ఉంది. బొచ్చు పసుపు, కొమ్ములు పసుపు, ఆఖరికి కళ్లు కూడా పసుపే. పైగా ఒంటి నుంచి ఏవో మెరుపులు రాలుతున్నాయి. మల్లేశం చిన్నప్పుడు తండ్రి మందలో ఇట్లా కళ్లు పచ్చబడ్డ గొర్రె ఒకటి కనబడితే, రెండు రోజులు చూద్దాంలే అని ఊరుకున్నందుకు సగం మంద పోయింది. ఇక్కడ దూడల షెడ్డులో కూడా రోజూ పొద్దున డ్యూటీకి ముందు ప్రభాకర్ చెప్పే పాఠం అదే. రోగం కనబడితే నన్ను అడగడానికి రావద్దు, ముందు దాన్ని వేరు చేయండి, తర్వాతే రిపోర్టు.

మల్లేశం అలాగే చేశాడు. దాని మీద వేలు నొక్కి పట్టుకుంటే విడిచిపెట్టే బటన్ వచ్చింది. నిజంగానే విడుస్తావా అని ఫోను ఇంగ్లీషులో అడిగింది. మల్లేశం చదవలేదు, ఎస్ అన్న చోట నొక్కాడు. ఇంకోసారి అడిగింది. ఇంకోసారి నొక్కాడు. పసుపు పొట్టేలు ఒకసారి వెనక్కి తిరిగి చూసి మాయమైంది. మంద గండం గడిచిందని మల్లేశం ముఖం కడుక్కున్నాడు.

ఆఫీసులో అప్పటికే పండగ. ఎవరైనా అరుదైనది పట్టగానే గ్రూపులో అందరికీ కబురు వెళ్లే ఏర్పాటు ఆటలోనే ఉంది. ప్రభాకర్ రెండో ఫోనులో అభినందనలు కురుస్తున్నాయి. శుక్రవారం అందరం కారు కట్టుకుని వస్తాం, కళ్లారా చూడాలి అని రియాద్ వాళ్లు రాశారు. ప్రభాకర్ ఖర్జూరాల పెట్టె విప్పి ఆఫీసంతా పంచుతున్నాడు. మల్లేశం రాగానే అతని నోట్లో కూడా ఒకటి పెట్టి, ఫోను అందుకుని సంచి తెరిచాడు. పైకి జరిపాడు, కిందికి జరిపాడు.

"ఆ పసుపు రంగుది ఏదయ్యా?"

"దాన్ని ఇడిసిపెట్టిన సారూ" అన్నాడు మల్లేశం, ఖర్జూరం గింజ చేతిలో పట్టుకుని. "కండ్లు సుత పచ్చగైనయి. మందల ఉంచితె తక్కిన వాటికి అంటుకుంటది గద. మీరు రోజు చెప్తనే ఉంటరు, అడగకుంట ముందుగాల వేరు చెయ్యుమని."

ప్రభాకర్ పక్కనే ఉన్న పాలపొడి బస్తా మీద కూలబడ్డాడు.

"మల్లేశం, అది లెజెండరీ."

"అయ్యుండచ్చు సారూ. రోగం లెజెండరీ అని ఆగుతదా?"

ఆ మాట వెటకారం కాదు, అతను నిజంగానే ఓదార్చబోయాడు. కానీ అది ప్రభాకర్‌కు పుండు మీద కారం రాసినట్టయింది. లీవు క్యాన్సిల్ అన్నాడు. వచ్చే ఎండాకాలం దాకా నా దగ్గర ఆ మాటెత్తొద్దు అన్నాడు.

ఆ సంగతి మెస్‌లో విన్న నౌమాన్ పప్పు పొలమారి, కళ్ల నీళ్లు పెట్టుకుని నవ్వాడు. ప్రొద్దుటూరు మనిషి, నవ్వాడంటే పక్క టేబుళ్లు కదులుతాయి. నవ్వి నవ్వి, మల్లేశం అన్నం ముందు పెట్టుకుని కలపకుండా కూర్చున్నాడని గమనించి ఆగాడు.

"ఏమప్పా, అంత పని చేసి బెదురుకుంటావేల? ఆ పొట్టేలు పోతే పాయ, అది ఆయప్ప జేబులోది. నీ ఛుట్టీ ఎవరి జేబులోది? నీదే కదా. నువ్వే నోరు తెరవాల. నేను తెరిస్తే డ్రైవరుకేం పనంటాడు."

మల్లేశం అన్నం కలుపుతున్నంతసేపూ ఆ మాటే లోపల నలుగుతూ ఉంది.

మర్నాడు పన్నెండింటికి ప్రభాకర్ తనే ఫోను పట్టుకుని దూడల షెడ్డుకొచ్చాడు. గొంతు మెత్తబడింది. శుక్రవారంలోగా ఇంకో పసుపుది దొరకకపోతే గ్రూపులో పరువు పోతుంది. నీ చెయ్యి మంచిది, నీకే వస్తుంది, ఇవాళ గేటు అవతల దాకా కూడా వెళ్లు అన్నాడు. మల్లేశం తుంపర కింద, దూడల మధ్య చాప వేసుకుని కూర్చుని ఉన్నాడు. లేవలేదు.

"నేను నడువ సారూ."

"అంటే? సూపర్‌వైజర్ చెప్పిన మాట కాదంటావా?"

"ఇది డ్యూటీ కాదని మీరే అంటిరి. డ్యూటీ అయితె పన్నెండింటికి చేయించద్దు. డ్యూటీ కాకపోతె నేనెందుకు చెయ్యాలె?" అన్నాడు మల్లేశం చాప మీది నుంచే. "మూడేండ్లాయె, నా కొడుకును నేను ముట్టలే. నా ఛుట్టీ నాకియ్యిండ్రి."

ప్రభాకర్ సరే, నడవడం కూడా ఒక పెద్ద విద్యా ఏంటి అని, టోపీ పెట్టుకుని తనే బయల్దేరాడు.

మొదటి షెడ్డు దాటేసరికి చొక్కా ఒంటికి అతుక్కుంది. రెండో షెడ్డు దగ్గర తల దిమ్మెక్కితే ఫోనుకున్న ఐస్ ప్యాక్ తీసి నెత్తిన పెట్టుకున్నాడు. ఫోను వేడెక్కి ఆగిపోయింది. ఐస్ ప్యాక్ ఫోనుకు పెట్టాడు. ఫోను తెరుచుకుంది కానీ తల తిరిగింది. అలా మంచును నెత్తికీ ఫోనుకూ మారుస్తూ పాతర గుంత దాకా వెళ్లాడు. ఫ్యాన్ల కింద నెమరు వేస్తున్న ఆవులన్నీ మెడలు తిప్పి చూశాయి. పాల ట్యాంకరుతో అటు వచ్చిన నౌమాన్‌కు గుంత పక్కన బోర్లా పడున్న తెల్ల చొక్కా కనిపించింది. ఎత్తి బండిలో వేసుకుని క్లినిక్కుకు తీసుకుపోయాడు. దారి పొడవునా ప్రభాకర్ తన గురించి కాదు, ఫోను ఆగిపోయిందా అనే అడిగాడని నౌమాన్ తర్వాత అందరికీ చెప్పాడు.

సెలైన్ ఎక్కింది, గండం తప్పింది. కానీ మధ్యాహ్నం వేళ ఎండ దెబ్బ తగిలిన కేసంటే హెడ్డాఫీసు ఊరుకోదు. సేఫ్టీ ఆఫీసర్ ముజాహిద్ మర్నాడే దిగాడు. హైదరాబాద్ టోలీచౌకీ మనిషి, నిదానస్తుడు. ప్రభాకర్ మంచం పక్కన కూర్చుని విచారణ మొదలుపెట్టాడు. ఎండలో తిరిగిన మనిషెవరు అంటే ప్రభాకర్. నిషేధం టైములో ఎండలోకి పంపిన సూపర్‌వైజరెవరు అన్నా ప్రభాకరే. బాధితుడూ తనే, నేరస్థుడూ తనే అయిన కేసు ముజాహిద్ సర్వీసులో అదే మొదటిది. ఏ పని మీద వెళ్లారని అడిగితే మాత్రం ప్రభాకర్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ జవాబు వెతుక్కుంటూ ముజాహిద్ దూడల షెడ్డుకొచ్చాడు. నౌమాన్ ట్యాంకరు దిగి పక్కన నిలబడ్డాడు, కానీ ఒక్క మాట అందివ్వలేదు. మల్లేశమే మొత్తం చెప్పాడు. జూన్ నుంచి నడిచిన సంగతి, ఫోనుకు మంచు సంగతి, ఆగిపోయిన ఛుట్టీ సంగతి. పసుపు పొట్టేలు దగ్గరికి వచ్చేసరికి ముజాహిద్ రాయడం ఆపేశాడు.

"దాన్ని ఏం చేసినవన్నవ్?"

"ఇడిసిపెట్టిన సార్. కామెర్లయినయి దానికి."

ముజాహిద్ ఎవరో పోయినట్టు కళ్లు మూసుకున్నాడు. శుక్రవారం కారులో రావలసిన రియాద్ గ్రూపులో అతనూ ఒకడు. అభినందనల్లో అందరికంటే పెద్ద పూలగుత్తి బొమ్మ పెట్టింది అతనే. తర్వాత కళ్లు తెరిచి, ఛుట్టీ ఎన్నాళ్ల నుంచి ఆగిందో మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నాడు. మనసు ఎంత మండినా రాయవలసింది రాశాడు, ఆ మాట ఒప్పుకోవాలి.

వారం తిరక్కుండా మల్లేశానికి ఊరికి పోయి రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా వచ్చింది. చవితికి ముందు సోమవారం వేములవాడలో కొడుకును తొడ మీద కూర్చోబెట్టుకున్నాడు. వాడు ఈ కొత్త మనిషెవరని గుక్కపెట్టి ఏడ్చాడు. మంగలి కత్తికి కాదు, తండ్రి మీసానికి భయపడ్డాడు. గుండు అయ్యాక మాత్రం నేల మీది రిబ్బన్లు ఏరుకుని, మళ్లీ కట్టమని తండ్రి చేతిలోనే పెట్టాడు. మల్లేశం ఆ గుండు చుట్టూ రిబ్బను కట్టి ముడి వేస్తుంటే స్వర్ణ నవ్వు ఆపుకోలేక అక్కడే కూర్చుండిపోయింది.

ఇక్కడితో ఆగితే ఇది నవ్వుకునే కథే. కానీ ఒక్క సంగతి చూడండి. జూన్ నుంచి ఆగస్టు దాకా మల్లేశం ఎండలో నడిస్తే ఏ ఆఫీసరూ దిగలేదు. ఒక సూపర్‌వైజర్ ఒక్క పూట నడిచి పడిపోతే మర్నాటికల్లా దిగాడు. ముజాహిద్ రాసిన రిపోర్టులో ప్రభాకర్ ఎండ దెబ్బకు ఒక పేజీ ఉంది. మల్లేశం రెండు నెలల మధ్యాహ్నాలకు 'విచారించవలసి ఉంది' అన్న ఒక్క ముక్క ఉంది. అది ఇప్పటికీ విచారించవలసే ఉంది. ప్రభాకర్ అదే కుర్చీలో ఉన్నాడు. అరుదైన పొట్టేలు అందరి దారిలోకీ రాదు. మూడేళ్లు, నాలుగేళ్లు ఛుట్టీ లేకుండా ఉన్నవాళ్లు తబూక్ తోటల్లో ఉన్నారు, జెద్దా సైట్లలో ఉన్నారు, మీ వాడకట్టులోనే ఎవరింటి మనిషో ఉండి ఉంటాడు.

కాబట్టి ఇది చదివిన మీరు ఒక పని చేయండి. ఈ శుక్రవారం అక్కడున్న మీ మనిషితో మాట్లాడేటప్పుడు, తిన్నావా అని అడిగాక ఫోను పెట్టేయకండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా ఎక్కడుంటున్నావని అడగండి. పాస్‌పోర్టు ఎవరి దగ్గరుందని అడగండి. రావలసిన ఛుట్టీ ఎప్పుడు రావాలో, ఎందుకు ఆగిందో అడగండి. అంతా బాగానే ఉందంటాడు, నమ్మకండి, మళ్లీ అడగండి. తేడా ఉందనిపిస్తే అక్కడి కార్మిక శాఖకు ఫిర్యాదు చేయమని ధైర్యం చెప్పండి. అతను చేయలేని స్థితిలో ఉంటే అతని పేరు, కంపెనీ పేరు, ఊరి పేరు కాగితం మీద రాసి, సోమవారం మీ కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి పట్టుకెళ్లండి. ఒక్కరే వెళ్లకండి, అలాంటి ఇంకో ఇంటివాళ్లను కూడా వెంటబెట్టుకుని వెళ్లండి.